ఆరిన వత్తులు: 1904 లాసా దండయాత్ర

అందరికీ నమస్కారం. 1904లో బ్రిటిష్ ఇండియా సైన్యం టిబెట్ రాజధాని లాసా మీదికి దండెత్తింది. లాసా దాకా మొత్తం దారి మిమ్మల్ని నడిపించను. గురు అనే పల్లె దగ్గర కాసేపు ఆగుదాం.

1904 మార్చి 31. టిబెట్ పీఠభూమి, ఎముకలు కొరికే చలి. దారికి అడ్డంగా టిబెటన్లు కట్టుకున్న రాతి గోడ. వాళ్ల చేతుల్లో కత్తులు, నాటు తుపాకులు. ఆ తుపాకి పేలాలంటే వత్తి వెలుగుతూ ఉండాలి. ఎదురుగా దండయాత్రకు నాయకుడైన బ్రిటిష్ కర్నల్ యంగ్‌హస్బెండ్ వెంట వచ్చిన సిక్కులు, గూర్ఖాలు, మాక్సిమ్ గన్‌లు అనే మెషిన్ గన్‌లు. మాటలు జరుగుతున్నాయి కదా, మీరు వత్తులు ఆర్పండి, మేమూ తూటాలు తీసేస్తాం అని బ్రిటిష్ వాళ్లు అన్నారని టిబెటన్ల కథనం. ఇంతలో సిక్కు సిపాయిలు వాళ్ల ఆయుధాలు లాక్కోవడం మొదలుపెట్టారు. పెనుగులాటలో లాసా సేనాని పిస్తోలు పేల్చాడు. ఒక సిపాయి దవడకు తగిలింది. ఇక ఆ తర్వాత కొద్ది నిమిషాల్లోనే ఆరేడు వందల మంది టిబెటన్లు చచ్చిపోయారు.

బతికినవాళ్లు పరుగెత్తలేదు. తలలు వంచుకుని మెల్లగా నడిచి వెళ్లారు, వెనక నుంచి కాలుస్తూనే ఉన్నా. మాక్సిమ్ గన్ నడిపిన లెఫ్టినెంట్ హాడో, ఆ ఊచకోత చూసి రోత పుట్టి కాల్పులు ఆపేశానని ఉత్తరంలో రాసుకున్నాడు. వీలైనంత ఎక్కువ వేట పడగొట్టమని తన జనరల్ ఆర్డరట!

ఇంతకీ గొడవేమిటి? వైస్రాయ్ కర్జన్ రాసిన ఉత్తరాల్ని దలైలామా విప్పకుండానే తిప్పి పంపాడు. పైగా దోర్జియెవ్ అనే బౌద్ధ భిక్షువు, రష్యాలోని బురియాత్ జాతివాడు, లాసాకూ రష్యా చక్రవర్తి జార్ దగ్గరికీ తిరుగుతున్నాడు. రష్యా వచ్చి టిబెట్‌లో కూర్చుంటుందేమోనని అప్పటి బ్రిటిష్ ఇండియా రాజధాని కలకత్తాలో టెన్షన్. తీరా లాసా వెళ్లి చూస్తే పుకార్లలో విన్న ఆయుధాల గుట్టలూ లేవు, రష్యన్లూ లేరు. ఇంత చేసి దీనికి పెట్టుకున్న పేరు 'మిషన్'.

ఆగస్టు 3న లాసా చేరేసరికి 13వ దలైలామా మంగోలియా దారి పట్టాడు. సెప్టెంబరు 7న దలైలామా కోట అయిన పొటాలాలో ఒప్పందం రాయించారు. దండెత్తి వచ్చిన ఖర్చు టిబెటే కట్టాలి: 75 లక్షల రూపాయలు, ఏడాదికి లక్ష చొప్పున 75 ఏళ్లు. తీరేదాకా సిక్కిం పక్కనున్న టిబెట్ చుంబీ లోయ తాకట్టు. ఇది లండన్‌కే మింగుడుపడలేదు. 25 లక్షలకు తగ్గించి, 1908లో లోయ ఖాళీ చేశారు.

చివరగా ఒకటి చెప్పాలి. లాసా చేరకముందే, జూలై 6న దారిలోని గ్యాంట్సే కోట గోడకు ఫిరంగులతో గండి కొట్టాక, కొండ పాక్కుంటూ ముందు ఎక్కింది లెఫ్టినెంట్ గ్రాంట్, వెనకే హవల్దార్ కర్బీర్ పున్. ఇద్దరికీ గాయాలయ్యాయి, ఇద్దరూ జారిపడి మళ్లీ ఎక్కారు. గ్రాంట్‌కు బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ ఇచ్చారు. కర్బీర్‌కు ఇండియన్ ఆర్డర్ ఆఫ్ మెరిట్ ఇచ్చారు, ఎందుకంటే భారత సైన్యంలోని సిపాయిలకు విక్టోరియా క్రాస్ అర్హత వచ్చింది 1911లోనే.