వాయేజర్-1: 2,400 కోట్ల కిలోమీటర్ల అవతల మరమ్మతు

యాంకర్: 2023 నవంబరులో నాసా వ్యోమనౌక వాయేజర్-1 సిగ్నల్ వస్తూనే ఉంది, కానీ ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఏమైంది సార్?

ఇంజినీరు: సిగ్నల్లో డేటా బదులు ఒకటి, సున్నా, ఒకటి, సున్నా అంటూ ఒకటే వరస. ఆదేశాలు అందుకుంటోంది, ట్రాన్స్‌మిటర్ బాగుంది. అనుమానం ఎఫ్‌డీఎస్ మీదకే పోయింది. పరికరాల కొలతలన్నీ మూటగట్టే కంప్యూటర్ అది.

యాంకర్: దానికి జోడుగా ఇంకోటి ఉండాలిగా?

ఇంజినీరు: ఉండేది, 1980లలోనే పోయింది. అందుకే 2024 మార్చి 1న, ప్రోగ్రాంలోని వేరే వరసలు నడిపి చూడమని ఆదేశం పంపారు. 3న వచ్చిన జవాబును విప్పితే ఎఫ్‌డీఎస్ మెమొరీ మొత్తం అందులో ఉంది! పాత నకలుతో పోలిస్తే దొంగ దొరికాడు: ఒకే ఒక్క చిప్. మెమొరీలో 3 శాతం దానిదే. ఆ మెమొరీ మొత్తం కలిపినా మనం పంపుకునే గుడ్ మార్నింగ్ బొమ్మ పట్టదు లెండి.

యాంకర్: చిప్ మార్చలేం. మరి?

ఇంజినీరు: అందులోని కోడ్‌ను వేరే చోటికి తరలించాలి. అంత ఖాళీ ఒకేచోట లేదు. ముక్కలు చేసి, దొరికిన సందుల్లో సర్ది, ఆ కోడ్‌ను పిలిచే ప్రతిచోటా చిరునామా దిద్దారు. ఒక్క చిరునామా తప్పినా ప్రోగ్రాం దారి తప్పుతుంది. ఏప్రిల్ 18న మొదటి భాగం పంపారు. వెళ్లడానికి 22న్నర గంటలు, రావడానికి అంతే. 20న జవాబు వచ్చింది. జూన్ నాటికి నాలుగు పరికరాలూ దారికొచ్చాయి.

యాంకర్: ఇంత శ్రమకు ఫలితం ఉందా మేడమ్?

ఖగోళ శాస్త్రవేత్త: నక్షత్రాల మధ్య ప్రదేశంలో ఉండి కొలిచేవి ఇదీ, దీని జోడు వాయేజర్-2 మాత్రమే. పైగా ప్లాస్మాను, అంటే విద్యుదావేశ కణాల వాయువును, కొలిచే దీని పరికరం 1980లోనే చెడింది. అందుకే 2012 ఆగస్టులో సౌరావరణం, అంటే సూర్యుడి నుంచి వీచే కణాలతో నిండిన బుడగ, దాటినా, వెంటనే తేల్చలేకపోయాం. 2013 ఏప్రిల్లో సూర్యుడి విస్ఫోటం తాకిడికి చుట్టూ ఉన్న ప్లాస్మా కంపించింది. ఆ కంపనం 2.6 కిలోహెర్ట్జ్. దాన్నిబట్టి ఘన సెంటీమీటరుకు 0.08 ఎలక్ట్రాన్లని లెక్క తేలింది. ఆ బుడగ లోపల, అంచు దగ్గర ఉన్నదానితో పోలిస్తే దాదాపు 40 రెట్లు. అంటే బయటికి వచ్చేసినట్టే. నాకు గురుగ్రహం ఫొటోల కన్నా ఈ లెక్కే ఎక్కువ ముచ్చట.

యాంకర్: కరెంటు ఎన్నాళ్లు?

ఇంజినీరు: ఏటా సుమారు 4 వాట్లు తగ్గుతోంది. 2025 ఫిబ్రవరిలో కాస్మిక్ కిరణాల పరికరం ఆపేశారు. పరికరాల బదులు హీటర్లు ఆపొచ్చుగా అంటారు కొందరు. కానీ గొట్టంలో హైడ్రజీన్ ఇంధనం గడ్డకడితే నౌకను తిప్పే చిన్న రాకెట్లు (థ్రస్టర్లు) పనిచేయవు, యాంటెన్నా భూమివైపు నిలవదు.