గుంత పూడిస్తే సరిపోదు, నీళ్ల దారి చూడాలి

అందరికీ నమస్కారం. సెలవు పూట పనులు పక్కన పెట్టి వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. మన రోడ్డు గురించి మాట్లాడమన్నారు. నేను ఇంజనీరుని కాను, రెండేళ్లుగా ఒకే ఒక్క గుంత వెంట పడి తిరుగుతున్న మనిషిని. ఆ గుంత మీ అందరికీ తెలిసిందే, మలుపు దగ్గర మంచినీళ్ల పైపు వాల్వ్ చాంబర్ పక్కన ఉంటుంది. నా ఫోన్‌లో ఉన్న ఫొటోల ప్రకారం దాన్ని ఇప్పటికి ఐదు సార్లు పూడ్చారు, ఈ రోజు పొద్దున నేను వచ్చేటప్పుడు కూడా అది అక్కడే ఉంది.

రెండేళ్ల కింద మా అక్క అందులోనే పడింది. రాత్రి కాదు, పట్టపగలు పది గంటలకి. ముందు రోజు వాన పడింది. స్కూటర్ మీద నెమ్మదిగానే వస్తోంది, ముందు చక్రం ఒక్కసారిగా దిగబడింది, మణికట్టు విరిగింది. కట్టు కట్టించుకుని ఇంటికొచ్చాక నేను "చూసుకుని నడపొచ్చు కదా అక్కా" అన్నాను. "గుంత కనిపిస్తే తప్పించుకునేదాన్నేరా, నాకు నీళ్లే కనిపించాయి" అంది. ఆ మాట నన్ను వదల్లేదు. దెబ్బ తగిలించుకున్న మనిషినే తప్పు పట్టాను అప్పుడు, మనలో చాలామంది అదే చేస్తాం.

ఫిర్యాదు ఇచ్చాను. తొమ్మిదో రోజు సాయంత్రం ట్రాక్టర్ వచ్చింది, నేను గేటు దగ్గర నిలబడి మొత్తం చూశాను. గుంత అడుగున ఇంకా నీళ్లున్నాయి. ఒకతను చీపురుతో ఊడ్చాడు, నీళ్లు అటు చిమ్మి మళ్లీ ఇటే జారాయి. ఇంకొకతను పారతో తారు కంకర ఎత్తి వేశాడు, అప్పటికే అది చల్లారిపోయి ఉండలు కట్టింది, పొగ కూడా రావడం లేదు. పార వెనకవైపుతో నాలుగు దెబ్బలు కొట్టి, పైన కాస్త డస్ట్ చల్లి, ట్రాక్టర్ ఎక్కేశారు. మొత్తం ఆరు నిమిషాల పని. ఆ ఇద్దరి మీద నాకు కోపం లేదు, వాళ్లకి రోలర్ ఇవ్వలేదు, మిశ్రమం వేడిగా ఇవ్వలేదు, చీకటి పడేలోపు ఇంకో పదిహేను గుంతలు పూర్తి చేసి రమ్మని పంపారు. కోపం ఆ పనికి బిల్లు రాసి సంతకం పెట్టిన వాళ్ల మీద. పదకొండో రోజుకి కంకరంతా లేచిపోయి మలుపు నిండా చెల్లాచెదురుగా పడింది. మలుపులో విడి కంకర మీద బ్రేకు వేస్తే బండి ఏమవుతుందో బండి నడిపేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు, గుంత కంటే అది ఇంకా ప్రమాదం.

అప్పటినుంచి చదవడం మొదలుపెట్టాను, దొరికిన ఇంజనీర్లనల్లా అడిగాను. తెలిసింది ఏమిటంటే ఆ సాయంత్రం నేను చూసిన ప్రతి చిన్న విషయానికీ ఒక లెక్క ఉంది. తారు మిశ్రమాన్ని ప్లాంటులో 150 డిగ్రీల అటూ ఇటూ వేడి మీద కలుపుతారు. అది చల్లారుతూ 80 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి ఇక రోలర్ తెచ్చి తొక్కించినా సరిగ్గా అణగదు, పార దెబ్బలకి అసలే అణగదు. అణగకపోతే లోపల గాలి ఖాళీలు మిగిలిపోతాయి, ఆ ఖాళీల్లోంచే నీళ్లు దిగుతాయి. కొత్తగా వేసిన పొరలో ఈ ఖాళీ ఏడు శాతం దాటితే, అక్కడినుంచి పెరిగే ఒక్కో శాతానికీ రోడ్డు ఆయుష్షు సుమారు పదో వంతు తగ్గుతుందని రోడ్డు ఇంజనీర్లు లెక్క వేస్తారు. అంటే కళ్లకి నల్లగా, నున్నగా కనిపించే ప్యాచ్ కూడా లోపల జల్లెడలా ఉండొచ్చు. ఇక తడి మీద తారు అంటుకోదు, నూనె రాసిన గిన్నెకి స్టిక్కర్ అంటించినట్టే ఉంటుంది.

అసలు గుంత ఎలా పుడుతుందో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది తెలియకపోతే మనం అడగాల్సింది అడగలేం. ముందు సన్నటి బీట పడుతుంది. ఎండకి తారు ఎండి పెళుసుబారడం వల్ల కావచ్చు, బరువు వల్ల కావచ్చు. ఆ బీటలోంచి నీళ్లు కిందికి దిగి, తారు కింద ఉన్న కంకర పొరని, దాని కింద మట్టిని నానబెడతాయి. పైన బరువైన చక్రం వచ్చిన ప్రతిసారీ ఆ నీళ్లు ఒత్తిడికి బీటలోంచి పైకి ఎగజిమ్ముతాయి, వస్తూ వస్తూ సన్నటి మట్టిని కూడా మోసుకొస్తాయి. వాన తర్వాత బీటల చుట్టూ బురద మరకలు కనిపిస్తాయి చూడండి, అది రోడ్డు కింది మట్టే. అలా లోపల బోలు అవుతుంది. ఇక ఒక రోజు ఏదో ఒక చక్రం కింద పైపెచ్చు విరిగి లోపలికి పడుతుంది, మనం ఆ రోజు చూసి "రాత్రికి రాత్రే గుంత పడింది" అంటాం. మంచు పడే దేశాల్లో ఇంకో బాధ, నీళ్లు గడ్డకడితే సుమారు తొమ్మిది శాతం ఉబ్బుతాయి కాబట్టి బీట తనంతట తనే వెడల్పవుతుంది.

బరువు సంగతి కూడా చెప్పాలి. అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రంలో ఒటావా అనే ఊరి దగ్గర 1958 నుంచి 1960 దాకా పరీక్ష కోసమే రోడ్లు వేసి, వాటి మీద లారీలు రెండేళ్ల పాటు ఆపకుండా తిప్పారు, ఇరుసులు 11 లక్షలకు పైగా సార్లు వాటి మీదుగా వెళ్లాయి. దాన్ని ఆషో రోడ్ టెస్ట్ అంటారు, ఆషో అంటే అక్కడి రాష్ట్రాల హైవే అధికారుల సంఘం. అక్కడ తేలిందేమిటంటే ఒక ఇరుసు మీద బరువు రెట్టింపయితే రోడ్డుకి నష్టం రెట్టింపు కాదు, సుమారు 16 రెట్లు. మన వీధిని స్కూటర్లూ కార్లూ పాడు చెయ్యడం లేదు. సందు చివర ఇల్లు కట్టినన్నాళ్లూ ఇటుకలూ ఇసుకా నింపుకుని తిరిగిన లారీలు చేసిన పని అది. ఆ రోడ్డుని ఆ బరువు కోసం వెయ్యలేదు.

అయినా నన్నడిగితే బరువు కంటే నీళ్లే పెద్ద శత్రువు. ఇది కొత్తగా కనిపెట్టిన విషయమేం కాదు. మకాడమ్ అని స్కాట్లాండ్ ఆయన, 1816లో బ్రిస్టల్ రోడ్ల సర్వేయర్‌గా చేరాడు, కంకర రోడ్డుకి ఇప్పటికీ ఆయన పేరే వాడతారు. ఆయన వాదనంతా ఒకటే, కింది నేల పొడిగా ఉంటే ఎంత బరువైనా మోస్తుంది, తడిస్తే ఏ రోడ్డునీ నిలబెట్టలేదు. అందుకే రోడ్డుని చుట్టుపక్కల నేల కంటే ఎత్తుగా, నడుమ కొంచెం ఉబ్బుగా, పక్కన కాలువలతో వెయ్యాలన్నాడు. రెండు వందల ఏళ్లు దాటింది. మన రోడ్డుకి నడుమ ఉబ్బు ఎక్కడుందో చూపించండి. పొర మీద పొర వేసుకుంటూ పోయారు, అంచులు ఎత్తయ్యాయి, నడుమ పళ్లెంలా పల్లమయింది, నీళ్లు కాలువలోకి పోవాల్సింది పోయి రోడ్డు మీదే నిలబడుతున్నాయి. పక్క కాలువ మూతలు కూడా రోడ్డు కంటే ఎత్తులో ఉన్నాయి, అందులోకి నీళ్లు ఎలా ఎక్కుతాయి?

మన గుంత కథ కూడా అదే. వేసవిలో వాన లేని నెలలో కూడా దాని అడుగు తడిగా ఉండటం చూసి నాకు అనుమానం వచ్చింది. వరసగా వారం రోజులు పొద్దునే వెళ్లి పుల్లతో గుచ్చి చూశాను, నీళ్లు వదిలే రోజున బురద, వదలని రోజున గట్టి. వాల్వ్ దగ్గర లీకవుతోంది. అంటే ఐదు సార్లు పూడ్చారు కానీ ఒక్కసారి కూడా లోపల ఏముందో చూడలేదు. పైపులవాళ్లది ఒక ఆఫీసు, రోడ్డువాళ్లది ఒక ఆఫీసు. పైపు కోసం తవ్వినవాళ్లు మట్టిని ఒకేసారి కుప్పగా తోసి పైన సిమెంట్ పూసి వెళ్లిపోతారు. దాన్ని పొరలు పొరలుగా వేసి, ఒక్కో పొరా దిమ్మిస వేసి, ఆ తర్వాత రోడ్డు వెయ్యాలి. లేకపోతే రెండు వానలకి ఆ గాడి పొడుగునా కుంగుతుంది. మన వీధిలో ఆ గాడి ఎక్కడెక్కడ ఉందో చీకట్లో బండి మీద వెళ్తూ నడుముతో చెప్పగలను నేను.

ఒక విషయంలో నా అభిప్రాయం మారింది, అది కూడా చెప్పాలి. గుంత అంచుల్ని చతురస్రంగా కోసి, ఊడ్చి, ఆరబెట్టి, అతుక్కోవడానికి ఎమల్షన్ అనే పల్చటి తారు ద్రవం పూసి, వేడి మిశ్రమం వేసి, తొక్కించి, అంచులు సీల్ చెయ్యాలి, ఇది తప్ప మరో పద్ధతి లేదు అని వాదించేవాణ్ణి. 1990ల మొదట్లో అమెరికా, కెనడాల్లో వెయ్యికి పైగా ప్యాచ్‌లు రకరకాలుగా వేసి ఏది ఎన్నాళ్లుంటుందో గమనించారు. అందులో మంచి రకం మిశ్రమం వాడి, వేశాక లారీ టైరుతో నాలుగు నుంచి ఎనిమిది సార్లు తొక్కించిన ప్యాచ్‌లు, అంచులు కోసి వేసినవాటితో సమానంగా నిలబడ్డాయి. ఆ తొక్కించడానికి ఒకటి రెండు నిమిషాలు అదనం, అంతే. అది చదివి నాకు బాధేసింది. ఆ రోజు వచ్చిన ట్రాక్టర్‌నే ఆ ప్యాచ్ మీద అటూ ఇటూ తిప్పి ఉండొచ్చు, ఎవరూ చెప్పలేదు. అయితే ఈ పద్ధతి అడుగు గట్టిగా ఉన్న గుంతకే. మన మలుపు దగ్గరలాగా అడుగే నానిపోయిన చోట తవ్వి, తడి మట్టి తీసేసి, కింది నుంచి కట్టుకురావాల్సిందే.

కాబట్టి ఇకనుంచి మనం రాసే అర్జీలో "గుంత పూడ్చండి" అని రాయొద్దు. అలా రాస్తే పూడుస్తారు, ఫిర్యాదు మూసేస్తారు, వాళ్ల లెక్కలో పని అయిపోయినట్టే. నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో కనుక్కుని అది ఆపి ఆ తర్వాత రోడ్డు బాగు చెయ్యండి, అని రాద్దాం. ఫొటో పెట్టండి, పక్కన స్కేలు గానీ చెప్పు గానీ పెట్టి తియ్యండి, లోతు తెలుస్తుంది. తేదీ ముఖ్యం. పూడ్చిన రోజున కూడా ఫొటో తియ్యండి, మనం అది మర్చిపోతాం. రోడ్డు వేసిన కాంట్రాక్టర్‌కి ఇన్నేళ్ల పాటు మరమ్మతు బాధ్యత అని ఒప్పందంలో రాసి ఉంటుంది, ఆ గడువులో పాడైతే అతనే సొంత ఖర్చుతో బాగు చెయ్యాలి. మన రోడ్డుకి ఆ గడువు ఎప్పటిదాకా ఉందో రాతపూర్వకంగా అడిగాను, ఇంకా జవాబు రాలేదు, మళ్లీ అడుగుతాను. బ్రిటన్‌లో 2007లో మైసొసైటీ అనే సంస్థ ఫిక్స్‌మైస్ట్రీట్ అని ఒక వెబ్‌సైట్ పెట్టింది, అందులో ఎవరు ఇచ్చిన ఫిర్యాదైనా అందరికీ మ్యాప్ మీద కనిపిస్తుంది. మనకి అంత అక్కర్లేదు, మన గ్రూపులో ఒక్క ఆల్బమ్ చాలు, కానీ అందరూ ఒకే చోట పెట్టాలి. నా ఒక్కడి ఫోన్‌లో ఉంటే అది నా పిచ్చి కింద లెక్క, యాభై ఇళ్లవాళ్లు పెడితే దాన్ని పక్కన పడెయ్యడం అంత తేలిక కాదు.

అక్క చెయ్యి ఇప్పుడు బాగానే ఉంది, కానీ బరువు ఎత్తితే లాగుతుంది అంటుంది, స్కూటర్ మాత్రం మళ్లీ ముట్టుకోలేదు. ఆ మలుపు దగ్గర స్కూలు పిల్లలు సైకిళ్ల మీద పోతుంటే నేను ఇప్పటికీ ఒక్క క్షణం ఆగి చూస్తాను.

బుధవారం పొద్దున ఏడింటికి పైపుల ఆఫీసు నుంచి ఒకరు, రోడ్డు ఆఫీసు నుంచి ఒకరు ఆ మలుపు దగ్గరికి వస్తామన్నారు, ఇద్దరినీ ఒకేసారి రప్పించడానికి నాలుగు నెలలు పట్టింది. నీళ్లు వదిలేది ఆ టైముకే, లీకు వాళ్ల కళ్లముందే కనిపిస్తుంది. వీలైనవాళ్లు రండి. టేపూ పాత ఫొటోల ప్రింట్లూ నేను తెస్తాను, ఎవరింట్లోనైనా గడ్డపార ఉంటే పట్టుకురండి.