పెన్‌డ్రైవ్ పెట్టిన రోజు బస్తా బరువెక్కింది

తమ్ముడు: నమస్తే. ఈ ఎపిసోడ్ మిర్యాలగూడలో, ఒక రైస్ మిల్లు ఆఫీసు గదిలో కూర్చుని రికార్డు చేస్తున్నాం. వెనక వినిపించే చప్పుడు ధాన్యం పైకెత్తే ఎలివేటర్‌ది. నా పక్కన ఉన్న అన్న ఇక్కడి మిల్లులకు కంట్రోల్ ప్యానెళ్లు కట్టే ఇంజినీరు. అన్నా, నా లాప్‌టాప్‌కు ఏ యూఎస్‌బీ పరికరం పెట్టినా పనిచేస్తుంది. మీ రియల్ టైమ్ కంట్రోలర్‌కు, అంటే చెప్పిన టైములోపే జవాబివ్వాల్సిన మెషీన్ కంప్యూటర్‌కు, పెడితే ఎందుకు చేయదు?

అన్న: పోర్టు అదే తమ్ముడూ, లోపలి ఆపరేటింగ్ సిస్టమ్ వేరు. లాప్‌టాప్‌లో పెట్టగానే ఆ పరికరంతో మాట్లాడే ప్రోగ్రామ్‌ను, అంటే డ్రైవర్‌ను, విండోస్ వెతికి తెచ్చుకుంటుంది. నీ కంట్రోలర్‌లో వీఎక్స్‌వర్క్స్, ఫ్రీఆర్‌టాస్ లాంటి రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉందనుకో, విండోస్ కోసం రాసిన డ్రైవర్ అక్కడ నడవదు. ప్లగ్ పడుతుంది, లైటు కూడా వెలుగుతుంది. కానీ అవతల ఉన్నది ఏమిటో కంట్రోలర్‌కు తెలియదు.

తమ్ముడు: మరి పెన్‌డ్రైవ్ అన్నిటిలో పనిచేస్తుంది కదా?

అన్న: దానికి అందరూ ఒప్పుకున్న పద్ధతి ఉంది, మాస్ స్టోరేజ్ క్లాస్ అంటారు. కీబోర్డుకు, బార్‌కోడ్ స్కానర్‌కు హెచ్‌ఐడీ అనే క్లాసు. సీరియల్ పోర్టులా, అంటే డేటాను ఒక్కో బిట్‌గా వరుసలో పంపే పాత పోర్టులా, పలికే వాటికి సీడీసీ. ఈ క్లాసుల్లో ఉన్న పరికరమైతే చాలా సిస్టమ్‌లు గుర్తుపడతాయి. కంపెనీ తన సొంత పద్ధతి పెట్టుకుంటే మాత్రం ఇబ్బందే. అందుకే కొనేముందు నేను ఒకటే అడుగుతా: ఇది ఏ క్లాసు, సొంత డ్రైవరైతే మా సిస్టమ్‌కు ఇస్తారా? జవాబు రాకపోతే ఆ పరికరం కొనను.

తమ్ముడు: లినక్స్ ఉంటే ఆ బాధ పోతుందా?

అన్న: చాలావరకు పోతుంది. 2024లో 6.12 వెర్షన్‌తో రియల్ టైమ్ సపోర్టు లినక్స్ అసలు కెర్నెల్‌లోకే, అంటే దాని గుండెకాయలోకే, వచ్చింది. యూఎస్‌బీ-సీరియల్ చిప్పులకు డ్రైవర్లు అందులో ముందునుంచే ఉన్నాయి. అయితే డ్రైవర్ దొరికినంత మాత్రాన టైముకు జవాబు వస్తుందని కాదు. ఈ మాట నాకు ఒక బస్తా నేర్పింది.

తమ్ముడు: బస్తానా?

అన్న: 25 కిలోల బస్తా నింపే మెషీన్. ప్రతి 10 మిల్లీసెకన్లకు ఒకసారి లోడ్‌సెల్ అనే బరువు కొలిచే సెన్సార్‌ను చదివి, బరువు రాగానే గేటు మూయాలి. ఓనర్ ప్రతి బస్తా లెక్క కావాలన్నాడు. సరేనని పెన్‌డ్రైవ్ పెట్టి, మళ్లీ మళ్లీ తిరిగే ఆ చదివే పనిలోనే, అంటే లూప్‌లోనే, ఫైలు రాయించాను. పొద్దున అంతా బాగానే నడిచింది. మధ్యాహ్నం హమాలీ ఒక బస్తా భుజానికెత్తి, మళ్లీ దించి, కాటా మీద పెట్టి నన్ను పిలిచాడు. 25 కిలోల 400 గ్రాములు. నా స్క్రీన్ మీద అంతా సరిగ్గానే ఉంది, ఆయన భుజం మాత్రం తప్పు పట్టింది.

తమ్ముడు: కారణం?

అన్న: పెన్‌డ్రైవ్ లోపలి ఫ్లాష్ మెమరీ అప్పుడప్పుడు పాత బ్లాకులు చెరిపి సర్దుకుంటుంది. ఆ సమయంలో రాయడం ఆగుతుంది. ఒక్కోసారి 200 మిల్లీసెకన్లు ఆగింది. సెకనుకు 2 కిలోలు జారుతుంటే ఆ కాసేపట్లోనే 400 గ్రాములు ఎక్కువ పడతాయి. లూప్ అక్కడే నిలబడిపోయింది, గేటు తెరిచే ఉంది.

తమ్ముడు: ఎలా సరిచేశారు?

అన్న: ఇప్పుడు లూప్ లెక్కను మెమరీలోని క్యూలో వేసి ముందుకు పోతుంది. ఫైలు రాసే పని వేరే టాస్క్‌ది, దానికి తక్కువ ప్రాధాన్యం. అది ఎంతసేపు ఆగినా గేటుకు సంబంధం లేదు. క్యూ నిండితే లెక్క పోవచ్చు, తూకం మాత్రం పోకూడదు.

తమ్ముడు: అంటే తప్పు పెన్‌డ్రైవ్‌దా, యూఎస్‌బీదా?

అన్న: ఆరోజు పెన్‌డ్రైవ్‌దే. కానీ యూఎస్‌బీ తీరు కూడా తెలియాలి. బడిలో సారు హాజరు పిలిస్తేనే పిల్లాడు పలికినట్టు, కంట్రోలర్ అడిగితేనే పరికరం మాట్లాడుతుంది. ఫుల్ స్పీడ్ అనే పాత వేగంలో ఆ వంతులు 1 మిల్లీసెకను ఫ్రేముల్లో, దానికంటే వేగమైన హై స్పీడ్‌లో 125 మైక్రోసెకన్లకు ఒకటిగా వస్తాయి. పెన్‌డ్రైవ్ వాడే బల్క్ పద్ధతిలో డేటా తప్పితే మళ్లీ పంపుతారు, కానీ ఎప్పుడు చేరుతుందన్న మాట ఇవ్వరు. కెమెరాలు, మైకులు వాడే ఐసోక్రోనస్ దానికి తిరగేసి: టైము ఉంటుంది, తప్పిన డేటా మళ్లీ రాదు. గేటుకు రెండూ కావాలి. అందుకే గేటు మూసే సిగ్నల్ యూఎస్‌బీ మీద నడపను.

తమ్ముడు: మిల్లులో దుమ్ము, కరెంటు కోతలు?

అన్న: దుమ్ముకంటే పెద్ద మోటారు స్టార్టయ్యే క్షణమే భయం. ఆ ఎలక్ట్రికల్ నాయిస్‌కు పరికరం ఒక్కసారి తెగి మళ్లీ కలుస్తుంది. లినక్స్‌లో అప్పటిదాకా సున్నా నంబరున్న సీరియల్ పోర్టు ఒకటో నంబరుగా రావచ్చు. ప్రోగ్రామ్ పాత పేరు పట్టుకుని కూర్చుంటే ఇక డేటా రాదు. పరికరం సీరియల్ నంబరుతో పేరు కట్టి పెట్టాలి, తెగితే మళ్లీ తెరిచేలా రాయాలి. ఇక యూఎస్‌బీ 2.0 కేబుల్ 5 మీటర్లకు మించకూడదు. దూరం ఉంటే ఆర్‌ఎస్-485 అనే సీరియల్ లైను వేస్తాను, తక్కువ స్పీడులో 1200 మీటర్ల దాకా పోతుంది, వైరు స్క్రూతో బిగుస్తుంది.

తమ్ముడు: ఆ హమాలీ ఇంకా ఇక్కడే పనిచేస్తున్నాడా?

అన్న: ఉన్నాడు. కొత్త ప్రోగ్రామ్ వేసిన ప్రతిసారీ మొదటి పది బస్తాలు ఆయనే ఎత్తుతాడు.