మన నష్టం ఏ పుస్తకంలో రాస్తారు?

అధ్యక్షులకు, రైతు సోదరులకు, ముందు వరసలో కూర్చున్న అక్కచెల్లెళ్లకు నమస్కారం. పేరుపేరునా చెప్పడం మొదలుపెడితే నాకిచ్చిన టైమంతా దానికే పోతుంది. పెద్దలు మన్నించాలి.

మారుతున్న వాతావరణం, పెరుగుతున్న ఖర్చు గురించి మాట్లాడమన్నారు. సైన్సు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకుంటుంది. ఆ తేమంతా ఒక్కసారిగా కురిస్తే ఏమవుతుందో మన తిరుపతి వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2021 నవంబరు గుర్తుందా? ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడ్డాయి. శ్రీవారి మెట్టు దారి దెబ్బతింది. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లు ఖాళీ చేయించారు. అదే వానలకు కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయి, చెయ్యేరు నది ఊళ్ల మీద పడింది.

రోడ్డు తెగితే ఇంజనీరు వచ్చి కొలుస్తాడు, అంచనా వేస్తాడు. మా వదిన పొలాన్ని ఎవరు కొలిచారు? స్వర్ణముఖి ఒడ్డున కౌలుకు వరి పెట్టింది. నీళ్లు తీశాక పోయి చూస్తే, పైరు కనపడకుండా ఇసుక మేట. మోటారు స్టార్టర్ డబ్బా మూత తీస్తే లోపలినుంచి బురదనీళ్లు కారాయి. నష్టం రాసుకోవడానికి వచ్చినాయన మొదట అడిగింది పట్టాదారు పాసుపుస్తకం. కౌలు నోటిమాట మీద జరిగింది, పుస్తకం ఎక్కడినుంచి తెస్తుంది? పరిహారం పొలం సొంతదారు ఖాతాలో పడింది. ఇసుక ఎత్తించిన ట్రాక్టరు బాడుగ, మోటారు వైండింగు, వాటికోసం తెచ్చిన అప్పు మీద వడ్డీ, పనుల్లేక పోయిన కూలి... ఇవన్నీ ఎవరి లెక్కలో ఉన్నాయి? నేను ఏ సభకు పోయినా ఇదే అడుగుతాను. ఇంకో పదిసార్లయినా అడుగుతాను.

అప్పు తీరకముందే 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చింది. తీరం దాటింది బాపట్ల దగ్గర, మునిగింది మన జిల్లా పొలాలు కూడా. మామిడి సంగతి చెప్పాలని రాసుకొచ్చాను. పూత మీద వాన పడితే పిందె నిలవదు, ఆ నష్టం వరదలాగా ఫోటోలో కూడా పడదు. దానిమీద ఇంకా చాలా ఉంది కానీ, బెల్లు కొట్టారు.

ఒక్కటి చెప్పి దిగుతాను. వంకలు పూడిక తీయండి, చెరువు కాలువల మీద ఆక్రమణలు తొలగించండి అని వానకు ముందే అడుగుదాం. తెగిన కట్టకు పెట్టే డబ్బులో కొంతైనా ముందే పెట్టమందాం. ఊరికే అడిగితే వినరు, లెక్క చూపించాలి. తలుపు దగ్గర ఒక నోటుబుక్కు పెట్టాము. కౌలు రైతులు ముందు రండమ్మా. ఏ వానకు ఏం పోయింది, బాగు చేయడానికి ఎంత పెట్టారు, ఎంత అప్పు తెచ్చారు, రాసి సంతకం పెట్టండి. రాయడం రానివాళ్లు చెప్పండి, నేను కూర్చుని రాస్తాను.