జేబులో చాకు ఉంటే జనం ఏమనుకుంటారు?

[టేబుల్ మీద మడత చాకు, పక్కన అగ్గిపెట్టె]

నమస్తే. ఇది మడత చాకు. మూసి ఉంటే అగ్గిపెట్టె కంటే కొంచెం పొడుగు. పార్శిల్ టేపు కోయడానికి, వైరు తొక్క తీయడానికి, జామకాయ ముక్కలు చేయడానికి రోజూ నా జేబులోనే ఉంటుంది. అయినా నలుగురిలో బయటికి తీయగానే ఒకరిద్దరి మొహాలు మారతాయి. ఎందుకో చూద్దాం.

[తాటివనం, పొద్దున]

కల్లు గీయడానికి తాటిచెట్లకు పోయే గౌడన్నను చూడండి. చెట్టెక్కే మోకు, నడుముకు ముస్తాదు, అందులో గీత కత్తులు. వాటి పక్కన నా చాకు ఒక లెక్కలోది కాదు. అయినా ఊరి నడుమ నుంచి ఆయన నడిచిపోతుంటే ఎవరూ పక్కకు జరగరు. "గౌడన్నా, ఇయ్యాల కల్లు ఎట్లున్నది?" అని ఆపి మరీ అడుగుతారు.

మేడారం జాతరలో కోళ్లు, మేకలు కోసేటప్పుడు కత్తుల వంక ఎవరూ రెండోసారి చూడరు. ఇక మన దగ్గర చాలా పెళ్లిళ్లలో పెళ్లికొడుకు చేతిలోనే నిమ్మకాయ గుచ్చిన కత్తి ఉంటుంది. అంత మంది నడుమ కత్తి పట్టుకుని కూర్చున్నా మీద పడేది అక్షింతలే.

[హన్మకొండ చౌరస్తా, సాయంత్రం]

ఇప్పుడు ఇక్కడ ఇరవై ఏళ్ల పిలగాడు, జీన్స్ ప్యాంటు, జేబులోంచి ఇదే చాకు తీశాడనుకోండి. "ఏంది తమ్మీ, కత్తి పట్టుకొని తిరుగుతున్నవ్?"

గౌడన్న కత్తికి పనేంటో చూసేవాళ్లకు ముందే తెలుసు. ఈ పిలగాడి చాకుకు పనేంటో తెలియదు. ఆ ఖాళీని జనం టీవీలో, ఫోన్లో చూసినవాటితో నింపుకుంటారు. నడిరోడ్డు మీద తల్వార్‌తో బర్త్‌డే కేక్ కోసి, రీల్ పెట్టి, కేసుల్లో ఇరుక్కున్నవాళ్ల వార్తలు వస్తూనే ఉన్నాయి కదా. ఇంకో మాట కూడా చెప్పాలి: ఇస్త్రీ చొక్కా వేసుకున్నవాడు తీస్తే ఇంజినీర్ అనుకుంటారు, బస్తీ పిలగాడు తీస్తే రౌడీ అంటారు. ఇది అన్యాయమే. కానీ ఉన్నది ఇదే.

[చేతులు క్లోజప్‌లో]

తీసే తీరు కూడా చాలా మారుస్తుంది. చూడండి, ఒక్క చేత్తో, బొటనవేలితో... టక్! ఈ చప్పుడుకే పక్కవాడికి టెన్షన్. ఇప్పుడు రెండు చేతులతో, బ్లేడు మీది గాడిలో గోరు పెట్టి నిదానంగా లాగుతున్నా. ఎవరికీ పట్టదు.

రంగు, రూపం కూడా అంతే. 1897లో స్విట్జర్లాండ్‌లో కార్ల్ ఎల్సెనర్ అనే చాకుల తయారీదారు పేటెంట్ తీసుకున్న చాకు నుంచి వచ్చిన ఎర్ర పిడి స్విస్ చాకును చూస్తే పిల్లలు కూడా "ఏదీ, ఒకసారి ఇవ్వు" అంటారు. ఆన్‌లైన్‌లో దొరికే నల్ల బ్లేడు, రంపం పళ్లు, పుర్రె బొమ్మ ఉన్నది తీస్తే అడిగేవాడే ఉండడు. జామకాయ కోయడానికి పుర్రె ఎందుకో నాకైతే అర్థం కాదు.

ఎవరికైనా ఇచ్చేటప్పుడు మడిచి ఇవ్వండి. మా ఇంట్లో పెద్దవాళ్లు చేతికి అస్సలు తీసుకోరు, తగువు వస్తుందట. "కింద పెట్టు బిడ్డా, తీసుకుంట" అంటారు.

[స్కేలుతో బ్లేడు కొలుస్తూ]

చట్టం సంగతి. ఇంటి పనికి, వ్యవసాయానికి మాత్రమే తయారైన వస్తువులను 1959 ఆయుధాల చట్టం ఆయుధాలుగా లెక్కించదు. ఆ చట్టం కింద వచ్చిన నిబంధనల్లో పదునైన ఆయుధాలకు చెప్పిన కొలత 9 అంగుళాలకు మించిన బ్లేడు పొడవు, లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు. జేబు చాకు అందులో సగం కూడా ఉండదు. అయితే దాన్ని చూపించి ఎవరినైనా బెదిరిస్తే కొలతతో పని లేదు, భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్ ఉంది.

రాత్రి చెకింగ్‌లో పోలీసులు అడిగితే "సేఫ్టీ కోసం సార్" అని మాత్రం అనకండి. ఆ ఒక్క మాటతో పనిముట్టును మీరే ఆయుధం చేసినట్టు. ఏ పనికి వాడతారో అదే చెప్పండి. విమానంలో అయితే చేతి బ్యాగులో వద్దు, చెకిన్ లగేజీలో వేయండి. కోర్టుకు, సినిమాకు వెళ్లేటప్పుడు ఇంట్లోనే పెట్టి వెళ్లండి. గేటు దగ్గర సెక్యూరిటీ అన్నతో వాదన పెట్టుకుంటే లోపల సినిమా పేర్లు పడిపోతాయి.