డయాలసిస్ ఉన్నవాళ్లు సెలవులకి వెళ్లకూడదా?

అధ్యక్షులు గారికి, డాక్టర్ గారికి, సిస్టర్లకి, టెక్నీషియన్లకి, మీ అందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పడం మొదలుపెడితే నాకిచ్చిన పావుగంట అక్కడే అయిపోతుంది, ఎవరూ ఏమీ అనుకోకండి. నాకిచ్చిన అంశం విదేశీ ప్రయాణాల్లో ఆరోగ్య జాగ్రత్తలు. టీకాలు, మంచినీళ్లు, దోమలు అన్నీ రాసుకొచ్చాను కూడా. కానీ స్టేజీ ఎక్కి చూస్తే మీలో సగం మంది చేతికి ఫిస్టులా, అదే డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపి చేసేది, కనిపిస్తోంది. మీకు దోమల గురించి చెప్పి పంపించేయడం నావల్ల కాదు.

మా ఆయన కిడ్నీలు పనిచేయక డయాలసిస్ మీద ఉన్నారు, అంటే మిషన్‌తో రక్తం శుభ్రం చేయించుకుంటారు. వారానికి మూడుసార్లు, సుమారు నాలుగేసి గంటలు. వేరే దేశం చూసొద్దామని ఆయన అన్నప్పుడు చుట్టాలందరిదీ ఒకటే మాట: "ఈ పరిస్థితిలో తిరుగుళ్లు అవసరమా?" ఆ మాటన్నవాళ్లలో ఒకరిద్దరు ఈ హాల్లోనే ఉన్నారు, వినండి. అవసరమే. వారంలో మూడు రోజులు మిషన్‌కి ఇచ్చేస్తున్న మనిషి, మిగతా నాలుగు రోజులు ఎక్కడ గడపాలో కూడా మిమ్మల్ని అడిగి తేల్చుకోవాలా?

సరే, ఇన్సూరెన్స్ సంగతికి వస్తాను. నా అసలు బాధ అదే. కంపెనీ పేరు చెప్పను, ఎవరికి ఫోన్ చేసినా ఇంచుమించు ఇదే జరుగుతుంది. ఫోనెత్తిన అమ్మాయి చాలా మర్యాదగా, "మేడమ్, ఇది ఎమర్జెన్సీయా?" అంది. కాదమ్మా, ఎప్పుడూ చేయించుకునే వైద్యమే, ముందే సెంటర్ మాట్లాడుకుని వెళ్తాం అన్నాను. "రొటీన్ ట్రీట్‌మెంట్ కవర్ కాదు మేడమ్." మరి చేయించుకోకపోతే ఏమవుతుందమ్మా, ఒంట్లో నీరు చేరుతుంది, పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు, అప్పుడు ఎమర్జెన్సీయే కదా అన్నాను. "అవును మేడమ్, అప్పుడు మాకు ఫోన్ చేయండి." నవ్వకండి, నిజంగా అంది! పోనీ అప్పుడైనా ఇస్తారా అని పాలసీ కాగితం తీసి చదివితే, ముందునుంచీ ఉన్న జబ్బు వల్ల వచ్చిన ఎమర్జెన్సీకి వర్తించదని చిన్న అక్షరాల్లో ఉంది. అంటే చేయించుకుంటే డబ్బు రాదు, మానేసి ప్రాణం మీదికి తెచ్చుకున్నా రాదు. ఆ అమ్మాయిని తప్పుపట్టను. ఆమె ముందు ఉన్న కంప్యూటర్‌లో రెండే గడులు, ఎమర్జెన్సీ, ఎమర్జెన్సీ కానిది. మనలాంటివాళ్లకి గడి లేదు.

ఒకప్పుడు డయాలసిస్ నిజంగా ఎమర్జెన్సీకే పనికొచ్చేది. 1943లో, యుద్ధం మధ్యలో, జర్మన్లు ఆక్రమించుకున్న నెదర్లాండ్స్‌లో విలెం కోల్ఫ్ అనే డాక్టర్ మిషన్ తయారుచేశాడు. కానీ ఎక్కించిన ప్రతిసారీ కొత్తగా రక్తనాళం కోయాలి, కొన్నాళ్లకి కోయడానికి నాళాలే మిగలవు. అందుకని కిడ్నీలు కొద్దిరోజుల్లో కోలుకుంటాయన్నవాళ్లకే పెట్టేవారు. 1960లో సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ టెఫ్లాన్ గొట్టంతో షంట్, అంటే నాళాల్లో పెట్టి అలాగే ఉంచేసే దారి, కనిపెట్టాక గానీ మళ్లీ మళ్లీ చేయడం కుదరలేదు. ఆ షంట్ పెట్టిన మొదటి పేషెంట్ 11 ఏళ్లు బతికాడు. మీ చేతికున్న ఫిస్టులా పద్ధతి 1966లో వచ్చింది. ఇది రొటీన్ వైద్యమై అరవై ఏళ్లు దాటింది, పాలసీలు రాసేవాళ్లకి మాత్రం ఇంకా ఆ కబురు అందలేదు.

అన్ని చోట్లా ఇంత అన్యాయంగా లేదు లెండి. యూరోపియన్ యూనియన్ దేశాల్లో వాళ్ల హెల్త్ కార్డు ఉన్నవాళ్లు ఇంకో సభ్యదేశానికి వెళ్తే, సెంటర్‌తో ముందే మాట్లాడుకుంటే చాలు, ప్రభుత్వ వైద్యం కింద డయాలసిస్ చేస్తారు. వైద్యం కోసమే వెళ్లినవాళ్లకి ఇది వర్తించదు, సెలవులకి వెళ్లినవాళ్లకి వర్తిస్తుంది. విన్నారా, అక్కడ సెలవు అన్నది నేరం కాదు, అర్హత! అమెరికా మెడికేర్ దేశం లోపల ఎక్కడికెళ్లినా డయాలసిస్‌కి ఇస్తుంది గానీ, దేశం దాటితే మామూలుగా ఇవ్వదు. మిగిలిన మనందరం జేబులోంచి పెట్టుకోవాల్సిందే. కాబట్టి టికెట్లు కొనకముందే సెంటర్‌ని రేటు అడగండి, ఆ రేటులో డయలైజర్ (రక్తం వడకట్టే ఫిల్టర్), మందులు, రక్తపరీక్షలు కలిసే ఉన్నాయా అని కూడా అడగండి.

అధ్యక్షులు గారు వాచీ చూస్తున్నారు. అయిపోవచ్చిందండీ.

ముందు సెంటర్, తర్వాత టికెట్. ఈ వరస తప్పకండి, బతిమాలి చెప్తున్నాను. సీజన్‌లో బెడ్లు దొరకవు, నెలల ముందే అడగాలి. వాళ్లు హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి రిపోర్టులు అడుగుతారు, అవీ ఈమధ్యవే కావాలంటారు. మాకైతే బయల్దేరే వారంలో రిపోర్టు పాతదైపోయింది, మళ్లీ పంపమన్నారు. ఆ టెన్షన్ మీకు వద్దు, ఎన్నాళ్ల లోపుది కావాలో ముందే రాయించుకోండి. మీ డ్రై వెయిట్ (అదనపు నీరు తీసేశాక ఉండాల్సిన బరువు), రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఎంత, డయలైజర్ ఏది, డయాలసిస్ ద్రవంలో పొటాషియం ఎంత, ఎలర్జీలు, చివరి కొన్ని సెషన్ల చార్టులు, అన్నీ డాక్టర్ గారి సంతకంతో ఇంగ్లీషులో తీసుకెళ్లండి. మందుల పేర్లు కంపెనీ పేర్లతో రాస్తే అక్కడ ఎవరికీ అర్థం కావు, మందు అసలు పేరు రాయమనండి. రక్తం పెరగడానికి చేసుకునే ఇంజెక్షన్ చల్లగా ఉండాలి, గడ్డకట్టకూడదు. అందుకని చెక్-ఇన్ బ్యాగులో వేయకండి, చేతి సంచిలోనే పెట్టుకోండి.

పొట్టలో ద్రవం ఎక్కించుకునే పద్ధతిలో ఉన్నవాళ్లకి ఇంకొంచెం సుఖం. ముందుగా చెప్తే చాలా దేశాల్లో ఆ ద్రవం బ్యాగులు తయారుచేసే కంపెనీయే బసకి పంపిస్తుంది. డాక్టర్ గారు ఇప్పుడు వద్దంటే మాత్రం నా మాట పట్టుకుని బయల్దేరకండి, ఆయన నన్ను తిడతారు. ఇంకోటి, తిరిగొచ్చాక మన సెంటర్ వాళ్లు కొన్నాళ్లు వేరే మిషన్ మీద పెట్టి మళ్లీ హెపటైటిస్ పరీక్షలు చేస్తే కోపం తెచ్చుకోకండి. అది మీ పక్క బెడ్ మనిషికి ఏదీ అంటకుండా ఉండటం కోసం.

ఆ వెనక బల్ల మీద ఒక నోటుపుస్తకం పెట్టాను. మీలో ఎవరైనా బయటి దేశంలో చేయించుకుని ఉంటే ఊరు, సెంటర్, ఏ రిపోర్టులు అడిగారు, ఎంత తీసుకున్నారు, సూదులు సరిగ్గా గుచ్చారా లేదా, ఉన్నదున్నట్టు రాయండి. వెళ్లాలనుకుంటున్నవాళ్లు కింది సగంలో రాయండి, ఒకే చోటికి వెళ్లేవాళ్లుంటే కలిపి మాట్లాడదాం. టీకాల గురించి అడగాలనుకున్నవాళ్లు డాక్టర్ గారిని పట్టుకోండి, నేను రాసుకొచ్చిన కాగితం ఆయనకే ఇచ్చేస్తున్నాను.