ఎన్లార్జర్ కింద మూలమూలకీ ఒకే వెలుతురు: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: నమస్కారం. డార్క్‌రూమ్‌లో ప్రింట్లు వేసుకునేవాళ్ల కోసం ఈ కార్యక్రమం. ఫిల్ము నెగెటివ్‌లోని బొమ్మని పెద్దది చేసి పేపరు మీద వేసే యంత్రం ఎన్లార్జర్. దాని వెలుతురు గురించి మీ ప్రశ్నలకు మేడమ్ జవాబిస్తారు. మొదటి కాల్ తీసుకుందాం. హలో, చెప్పండి.

శ్రోత: నమస్కారం మేడమ్. నాది కండెన్సర్ ఎన్లార్జర్, అంటే బల్బు వెలుతురుని గాజు కటకాలతో నెగెటివ్ మీదికి కూర్చేది; లెన్సు 50 మి.మీ. 35 ఎం.ఎం. నెగెటివ్‌లు వేస్తాను. ఆకాశం ఎక్కువగా ఉన్న ప్రింట్లలో మధ్యన ముదురుగా, మూలల్లో లేతగా వస్తోంది. పేపరు పెట్టే బేస్‌బోర్డు మీద చూస్తే మాత్రం వెలుతురు అంతటా ఒకేలా ఉంది.

నిపుణురాలు: నమస్కారమండీ. ఈ విషయంలో కంటిని నమ్మకండి. మధ్య నుంచి అంచుకి మెల్లమెల్లగా తగ్గే వెలుతురుని కన్ను పసిగట్టలేదు, పేపరు పసిగడుతుంది. ముందు ఒక ఖాళీ ప్రింటు వేయండి. మీరు మామూలుగా వేసే సైజుకి నెగెటివ్ ఫోకస్ చేసి, తర్వాత నెగెటివ్ తీసేసి దాన్ని పట్టి ఉంచే క్యారియర్ మాత్రం మళ్లీ లోపల పెట్టండి. లెన్సు రంధ్రం ఎఫ్ 8 దగ్గర ఉంచండి, ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. పేపరు తేడాలు కొట్టొచ్చినట్టు చూపే 4 లేదా 5 గ్రేడ్‌ది కావాలి, ఫిల్టరుతో గ్రేడ్ మార్చుకునే మల్టీగ్రేడ్ అయితే 5 నంబరు ఫిల్టరు. డెవలప్ చేశాక మధ్యరకం బూడిద రంగు రావాలి. నల్లగా వచ్చినా, మరీ లేతగా వచ్చినా తేడా దాక్కుంటుంది.

శ్రోత: నెగెటివ్ లేకపోతే ఒక్క సెకనుకే నల్లబడిపోతుంది కదండీ?

నిపుణురాలు: అవును. అందుకే ఫిల్టరు డ్రాయర్‌లో, రంగు మార్చకుండా వెలుతురు తగ్గించే న్యూట్రల్ డెన్సిటీ ఫిల్టరు వేసుకుని టైమును 5 సెకన్ల పైకి తెచ్చుకోండి. లెన్సుని ఎఫ్ 16కి మూసి టైము పెంచకండి. ప్రింట్లు వేసేది ఎఫ్ 8లో అయినప్పుడు పరీక్ష కూడా అక్కడే జరగాలి.

వ్యాఖ్యాత: ఆ ప్రింటులోనూ మధ్యనే ముదురుగా వస్తే?

నిపుణురాలు: కొంత లెన్సు వల్ల, కొంత బల్బు వల్ల. లెన్సు గుండా వాలుగా పోయే కాంతి సహజంగానే తగ్గుతుంది. 50 మి.మీ. లెన్సుతో 35 ఎం.ఎం. నెగెటివ్‌ని 8 రెట్లు పెంచితే, మధ్యతో పోలిస్తే మూలలకి సుమారు నాలుగో వంతు తక్కువ వెలుతురు అందుతుంది. ఎఫ్ 2.8 నుంచి ఎఫ్ 8కి మూస్తే లెన్సు గొట్టం అడ్డుపడడం వల్ల వచ్చే చీకటి పోతుంది గానీ, ఈ తగ్గుదల పోదు. 80 మి.మీ. లెన్సు వేస్తే అది పదో వంతుకి దిగుతుంది. అయితే అదే సైజుకి నెగెటివ్ నుంచి పేపరు దాకా దూరం దాదాపు 51 సెం.మీ. నుంచి 81 సెం.మీ.కి పెరుగుతుంది. ఎన్లార్జర్ తలని మోసే మీ స్తంభం అంత ఎత్తు ఉండాలి, కండెన్సర్లు కూడా ఆ లెన్సుకి సరిపడేవి ఉండాలి.

ఇక బల్బు. కండెన్సర్ ఎన్లార్జర్‌లో అసలు గొడవంతా దీనితోనే. మరలు వదులు చేసి ముందు బల్బుని అడ్డంగా జరిపి నడిమికి తెచ్చుకోండి, ఆ తర్వాతే ఎత్తు. కొంచెం కొంచెంగా పైకీ కిందికీ కదుపుతూ మధ్యలో వెలుగు ముద్ద కట్టడం, మూలలు మసకబారడం తగ్గే చోట ఆపి, మళ్లీ ఖాళీ ప్రింటు వేసి చూడండి. ప్రింటు సైజు బాగా మారితే ఈ ఎత్తు కూడా మారుతుంది. చాలామంది ఒకసారి సర్ది వదిలేస్తారు, అది చాలదు.

శ్రోత: ఈమధ్య ఇంట్లో వాడే ఎల్ఈడీ బల్బు పెట్టాను మేడమ్.

నిపుణురాలు: తీసేయండి. ఈ కండెన్సర్లకి లెక్క కట్టినది పాలరంగు గాజున్న ఎన్లార్జర్ బల్బు, దాని గాజంతా సమంగా వెలుగుతుంది. గాజు కొన మీద అచ్చు అక్షరాలున్న మామూలు బల్బయితే ఆ అక్షరాల నీడ కూడా పేపరు మీద పడొచ్చు. ఇంకొకటి, కండెన్సర్లు ఎప్పుడైనా తుడవడానికి విప్పారా? రెండింటి ఉబ్బు వైపులూ ఎదురెదురుగా ఉండాలి. ఒకటి తిరగబడినా వెలుతురు చెదిరిపోతుంది.

వ్యాఖ్యాత: మరో కాల్. చెప్పండమ్మా.

శ్రోత: మేడమ్, నా ప్రింట్లలో ఎడమ వైపు ఒక్కటే ముదురుగా వస్తోంది.

నిపుణురాలు: అది ఎన్లార్జర్‌దా, ట్రేదా ముందు తేల్చుకోండమ్మా. రెండు ఖాళీ ప్రింట్లకి ఎక్స్‌పోజర్ ఇచ్చి, రెండింటి వెనకా స్తంభం వైపు అంచున పెన్సిలుతో గుర్తు పెట్టండి. ఒకదాన్ని గుర్తు ముందుగా, రెండోదాన్ని గుర్తు వెనకగా డెవలపర్‌లోకి దించండి. ముదురు భాగం రెండింటిలోనూ గుర్తుకి ఒకే పక్కన ఉంటే తప్పు ఎన్లార్జర్‌ది. పక్క మారితే పేపరు ఒక్కసారిగా మునగడం లేదు, లేదా ట్రే సరిగా ఊపడం లేదు.

ఎన్లార్జర్‌దే అయితే బల్బు పక్కకి జరిగిందేమో, ఫిల్టరు డ్రాయర్ పూర్తిగా లోపలికి వెళ్లిందో లేదో, బల్బుండే పెట్టె, అంటే లాంప్‌హౌస్, సరిగ్గా కూర్చుందో లేదో చూడండి. నెగెటివ్ తలం, లెన్సు పలక, బేస్‌బోర్డు మూడింటి మీదా స్పిరిట్ లెవెల్ పెట్టి ఒకే రీడింగు వచ్చేలా సర్దండి. ఎడమ పక్కన తెల్ల గోడ ఉందా?

శ్రోత: ఉందండీ, ఆనుకునే ఉంది.

నిపుణురాలు: అయితే లాంప్‌హౌస్ సందుల్లోంచి కారే వెలుతురు గోడకి తగిలి పేపరు మీద పడుతూ ఉండొచ్చు. పేపరుకి హాని చేయని సేఫ్‌లైట్ దీపం కూడా ఆపి, లెన్సుకి మూత పెట్టి, పేపరు మీద నాణేలు అక్కడక్కడా ఉంచి, ఎన్లార్జర్ బల్బు ఒక నిమిషం వెలిగించండి. డెవలప్ చేశాక నాణెం చోటు తెల్లగా తేలితే వెలుతురు కారుతోందన్నమాటే. ఆ గోడకి మెరుపు లేని నల్ల రంగు వేయండి.

వ్యాఖ్యాత: ఇంకో కాల్. త్వరగా అడగండి.

శ్రోత: నాది కలర్ హెడ్ మేడమ్, రంగు ఫిల్టర్లు లోపలే ఉండే రకం. 6×6 సెం.మీ. నెగెటివ్ పెడితే నాలుగు మూలలూ తెల్లబడుతున్నాయి. 35 ఎం.ఎం.కి బాగానే ఉంది.

నిపుణురాలు: లోపల వెలుతురుని కలిపి సమం చేసే మిక్సింగ్ బాక్సు 35 ఎం.ఎం.దే ఉండి ఉంటుంది. 6×6కి పెద్ద బాక్సు మార్చాలి. మార్చేటప్పుడు లోపలి తెల్ల గోడలు పసుపెక్కాయేమో కూడా చూడండి.

వ్యాఖ్యాత: మేడమ్, ఇవన్నీ చేశాక కూడా మిగిలే తేడాకి అంచులు బర్న్ చేస్తే, అంటే వాటికి అదనపు ఎక్స్‌పోజర్ ఇస్తే, సరిపోతుందా?

నిపుణురాలు: అన్ని వైపులా సమానంగా ఉన్న తేడా అయితే సరిపోతుంది. మొదటి శ్రోత చెప్పిన 50 మి.మీ. లెన్సుకి 10 సెకన్ల ఎక్స్‌పోజర్ మీద మూలలకి ఇంకో 3 సెకన్లు పడతాయి, నడిమికి వచ్చేకొద్దీ తగ్గించాలి. కానీ ముందు మీ మామూలు నెగెటివ్‌లు వేసి చూసి అప్పుడు నిర్ణయించండి. కెమెరా లెన్సు వల్ల నెగెటివ్ మూలలు పలచబడితే ప్రింటులో అవి ముదురవుతాయి, ఎన్లార్జర్ తగ్గుదల వాటిని లేత చేస్తుంది. రెండూ కొంతవరకు చెల్లిపోతాయి. ఒక పక్కే తేడా ఉన్నప్పుడు మాత్రం బర్నింగ్‌తో కప్పకండి, బల్బు దగ్గరికే వెళ్లండి.